కాళ్లపై కారపు చుక్కలు

కొందరి పిక్కలమీద, చీలమండల చుట్టూ మిరపకారం చల్లినట్లు సన్నని ఎర్రచుక్కలు కనిపిస్తాయి. నొప్పి ఉండదు, దురద ఉన్నా స్వల్పమే. క్రమంగా అవి కలిసి ఇటుకరంగు మచ్చలవుతాయి. పాతవి వెలిసేలోగా కొత్తవి పుడతాయి. ఫిలడెల్ఫియా వైద్యుడు జే ఫ్రాంక్ షాంబర్గ్ 1901లో వర్ణించినందున దీనికి షాంబర్గ్ వ్యాధి అని పేరు వచ్చింది. వ్యాధి అన్న మాట దీనికి కొంచెం పెద్దదే.

చర్మం పైపొర దిగువన వెంట్రుకకన్న సన్నని రక్తనాళాలున్నవి. వీటిని కేశనాళికలు అంటారు. వాటి గోడలలో కొద్దిపాటి వాపు ఏర్పడుతుంది. కొందరిలో ఏదో ఒక మందు ఇందుకు కారణం. చాలామందిలో కారణం తేలదు. ఆ గోడలగుండా ఎర్రకణాలు బయటికి జారిపోతాయి. నాళం విడిచిన కణానికి తిరుగుదారి లేదు. భక్షక కణాలు దానిని మింగి హీమోగ్లోబిన్‌ను విడగొట్టగా, అందులోని ఇనుము హీమోసిడరిన్ అనే గోధుమవర్ణ పదార్థంగా అక్కడే నిలిచిపోతుంది. దానిని శరీరం తొలగించుకొనుటకు నెలలు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు పడుతుంది. పైపూతలు మచ్చను తుడిచివేయలేకపోవుట ఇందువలననే.

పాఠకులు ఒక గాజుపలకను కొత్త చుక్కలపై నొక్కి చూడవచ్చును. మామూలు దద్దురైతే, రక్తం ఇంకా నాళాలలోనే ఉన్నది కనుక, పక్కకు తొలగి ఎరుపు మాయమవుతుంది. ఇక్కడ మాయం కాదు.

ఇవి ముఖ్యంగా కాళ్లకే ఎందుకు రావలెను? మనం కదలక నిలుచున్నప్పుడు గుండెనుండి చీలమండవరకు గల రక్తం నిలువు స్తంభంవంటిది. చీలమండ సిరలో పీడనం అప్పుడు సుమారు 90 మిల్లీమీటర్ల పాదరసానికి సమానం. నడిచేటప్పుడు పిక్క కండరాలు రక్తాన్ని పైకి పిండుతాయి. పీడనం సగానికన్న తగ్గుతుంది. గంటలకొద్దీ నల్లబల్ల ముందు నిలబడే మా వృత్తివారు గమనించదగిన సంగతి ఇది.

మన పల్లెలలో మచ్చ అనగానే కుష్ఠు భయం. ఆ భయంతో కాళ్లు దాచుకొని తిరిగేవారున్నారు. కుష్ఠు మచ్చలో స్పర్శ తగ్గుతుంది, ఇందులో తగ్గదు. (కుష్ఠు కూడా నేడు మందులతో నయమయ్యేదే.) మరికొందరు తామర అనుకొని దుకాణంలో అడిగి ఏదో మందు రాస్తారు. అట్టివాటిలో ఘాటైన స్టిరాయిడ్ కలిసి ఉండవచ్చును. నెలల తరబడి రాస్తే చర్మం పలుచబడి, రక్తం మరింత తేలికగా బయటపడుతుంది!

అయినా మొదటిసారి డాక్టరుకు చూపవలెను. రక్తంలో ప్లేట్‌లెట్లు తగ్గినా ఇట్టి చుక్కలే వస్తాయి. పరీక్షలో ఆ సంగతి తేలుతుంది. చుక్కలు ఉబ్బెత్తుగా చేతికి తగిలినా, కీళ్లనొప్పి, మూత్రంలో రక్తం ఉన్నా ఆలస్యం తగదు. జ్వరంతోపాటు చుక్కలు వేగంగా వ్యాపిస్తే వెంటనే ఆసుపత్రికి పోవలెను.

షాంబర్గ్ వ్యాధియేనని తేలితే చేయవలసినది స్వల్పం. ఈ రచయిత పిక్కలపై ఇవి ఆరేండ్లుగా ఉన్నవి; రక్తపరీక్షలు సరిగా ఉన్నందున వాటిని లెక్కించడం మానివేశాను. కొందరికి కొన్నేండ్లకు వాటంతటవే పోతాయి, కొందరికి పోవు. దురదకు డాక్టరు చెప్పిన పూత కొద్దిరోజులు వాడవచ్చును. నిలబడి పనిచేసేవారికి బిగుతు మేజోళ్లు కొంత మేలు. అయితే మధుమేహంవలన కాళ్లకు రక్తప్రసారం తగ్గినవారు డాక్టరును అడగనిదే వాటిని తొడగరాదు.