సీసా దొరికిన చోటు

అమెరికాలోని సౌత్ కరొలైనా రాష్ట్రంలో, చార్లెస్టన్ దగ్గర సముద్రాన్ని చేరే కూపర్ నది నీళ్లు చిక్కటి టీ డికాషన్ రంగులో ఉంటాయి. ఒడ్డున చిత్తడి అడవుల్లో రాలిన ఆకులూ బెరడూ నాని నదికి ఆ రంగు దిగుతుంది. కొన్ని అడుగులు లోతుకు వెళితే పట్టపగలే చీకటి. సముద్రపు ఆటుపోట్లు నదిలోకి చాలా మైళ్ల దూరం ఎగదన్నుతాయి కాబట్టి ప్రవాహం రోజుకు నాలుగుసార్లు దిశ మారుతుంది. ఒక పోటు ఆగి ఆటు అందుకునేలోపు నీరు కాసేపు నిలకడగా ఉంటుంది. ఆ కాసేపటి కోసం కాచుకుని, నడుముకు మామూలుకంటే ఎక్కువ బరువులు కట్టుకుని, చేతిలో దీపంతో కొందరు ఈతగాళ్లు అడుగుకు దిగుతారు. ప్రవాహం ఊపందుకుంటే కొట్టుకుపోకుండా పెద్ద స్క్రూడ్రైవర్ ఒకటి నేలలో గుచ్చి పట్టుకుంటారు. మునిగిన దుంగలు, పగిలిన గాజు అంచులు, ఎలిగేటర్లు అన్నీ ఉన్న నది అది. అందులో వాళ్లు వెతికేది ఒకప్పటి సొరచేపల పళ్లను, రెండు మూడు వందల ఏళ్ల కిందటి సీసాలను. ఈ వేటను మానిపించాలా, సాగనివ్వాలా అన్న వాదన ఎంతోకాలంగా ఉంది. సాగనివ్వాలనే నా పక్షం. అయితే సీసాతోపాటు అది దొరికిన చోటు కూడా కాగితం మీదికి రావాలి. రాకపోతే పైకి వచ్చింది సగం సీసాయే.

ఇంత గాజు ఆ నదిలోకి ఎలా చేరిందో తెలియాలంటే ఒడ్డున ఉన్న పాత ఇళ్లను చూడాలి. 1697 ప్రాంతంలో కట్టిన మిడిల్‌బర్గ్, 1714 నాటి మల్బరీ వంటి భవనాలు ఇప్పటికీ అక్కడ నిలిచి ఉన్నాయి. అవి వరి తోటల యజమానుల ఇళ్లు. చిత్తడి నేలల్లో అడవి నరికి, గట్లు పోసి, పోటు నీటిని తూములతో మళ్లించి ఆ వరి పండించినవాళ్లు ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులు. 1708 నాటికే ఆ వలస రాజ్యంలో తెల్లవాళ్లకంటే నల్లవాళ్లే ఎక్కువ. పడమటి ఆఫ్రికా తీరంలో ఆ మనుషులను కొనడానికి యూరప్ వర్తకులు ఇచ్చిన సరుకుల్లో మన కోరమాండల్ తీరపు నేత బట్ట కూడా ఉందన్నది మనం మరిచిపోకూడని సంగతి. మంచి రోడ్లు లేని ఆ రోజుల్లో నదే రాచబాట. ప్రతి తోటకూ ఒక రేవు, ప్రతి రేవుకూ పడవలు. వచ్చే వైను, నూనె, మందులు ఆ రేవులోనే దిగేవి, పోయే బియ్యం అక్కడే ఎక్కేది. చేయి జారిన సీసా, పగిలిన కూజా, పనికిరాదని విసిరేసిన చెత్త ఆ రేవు కిందే మునిగేవి. కర్ర పుచ్చిపోతుంది, బట్ట చివికిపోతుంది, ఇనుము తుప్పు పడుతుంది. గాజూ కాల్చిన మట్టీ మిగులుతాయి.

చూడటం తెలిస్తే గాజు చాలా చెబుతుంది. అడుగు వెడల్పుగా, పొట్ట ఉబ్బి, మెడ పొట్టిగా ఉల్లిగడ్డలా కనిపించే నల్ల గాజు సీసా సుమారు 1680కీ 1730కీ మధ్యది. నల్లగా కనిపిస్తుందే గాని వెలుతురుకు పట్టి చూస్తే అది ముదురు ఆకుపచ్చ. ఊదుడు సీసా మూతిని తీర్చేటప్పుడు దాన్ని పట్టుకోవడానికి అడుగున ఒక ఇనుప కడ్డీని అంటించేవారు. పని అయ్యాక కడ్డీని విరిచేస్తే గరుకు మచ్చ ఒకటి మిగిలేది. ఆ మచ్చ ఉంటే చాలావరకు 1860ల కంటే ముందు సీసా. బ్రిస్టల్‌లో హెన్రీ రికెట్స్ 1821లో మూడు ముక్కల అచ్చుకు పేటెంటు పొందాక సీసాల కొలత, ఆకారం ఒకే తీరుకు వచ్చాయి. అచ్చు అతుకు గీత మూతి కిందే ఆగిపోతే మూతిని చేత్తో తీర్చినట్టు. గీత మూతి అంచుదాకా పాకితే అది యంత్రం సీసా, అంటే 1903లో మైకేల్ ఓవెన్స్ యంత్రం వచ్చాకటిది. ఆ రాష్ట్రానికే ప్రత్యేకమైన సీసాలు కూడా కొన్ని ఉన్నాయి. 1893 నుంచి 1907 దాకా సౌత్ కరొలైనాలో మద్యం అమ్మకం ప్రభుత్వ గుత్తాధిపత్యంలో నడిచింది. సర్కారే మద్యం దుకాణాలు నడిపిన కాలం ఆంధ్రప్రదేశ్ పాఠకులకు ఎరుకే. అక్కడి సర్కారు సీసాల మీద మొదట్లో పామెట్టో చెట్టు బొమ్మ, తరువాత మూడక్షరాల ముద్ర పోసేవారు. సేకర్తలు వాటికోసం పోటీ పడతారు.

ఇంతా చెప్పే సీసా కూడా ఒక ప్రశ్న దగ్గర మూగబోతుంది. తనను ఎప్పుడు తయారు చేశారో చెబుతుంది, ఎప్పుడు పారేశారో చెప్పలేదు. మన గోలీ సోడానే తీసుకుందాం. మెడలో గోలీ ఉన్న ఆ సీసా 1872లో ఇంగ్లండులో హైరమ్ కాడ్ పేటెంటు పొందిన నమూనా. ఎక్కడైనా మట్టిలో దాని పెంకు దొరికితే ఆ పొర 1872కు ముందుది కాదని ధీమాగా చెప్పొచ్చు. అంతకుమించి సీసాను చూసి ఏమీ చెప్పలేం, ఎందుకంటే ఆ ఆకారం ఇప్పటికీ మన ఊళ్లలో వాడుకలో ఉంది. పద్దెనిమిదో శతాబ్దపు కరొలైనాలో సీసా సముద్రం దాటి వచ్చిన వస్తువు, ఊరికే పారేసేది కాదు. కడిగి మళ్లీ నింపేవారు, ఒక చేతి నుంచి మరో చేతికి మారేది. కొందరు యజమానులు తమ పేరో పొడి అక్షరాలో ఉన్న గాజు ముద్రను సీసా భుజానికి వేయించుకునేవారు. అలాంటి సీసా దొర భోజనాల బల్ల మీద మొదలై బానిసల గుడిసెలో నీళ్ల సీసాగా ముగిసి ఉండొచ్చు. అలా జరిగిందో లేదో తేల్చేది దాని పక్కన ఏమున్నాయి, అది ఏ రేవు కింద ఉంది, ఎంత లోతులో ఉంది అన్నవే. ఆ వివరాలు ఈతగాడు రాసుకోకపోతే ఇంకెవరూ రాయలేరు. ఎందుకంటే సీసాను పైకి తీసిన క్షణంలోనే ఆ అమరిక చెదిరిపోతుంది.

చోటు గురించి ఇంత పట్టుదల ఎందుకంటే దానికి ఈ నదిలోనే గట్టి ఉదాహరణ ఉంది. సీసాల పక్కన ఈతగాళ్లకు తరచూ మెరుపు పూత లేని, చేత్తో చేసి తక్కువ వేడిలో కాల్చిన మట్టి గిన్నెలు దొరికేవి. వాటిని అమ్ముకుంటే వచ్చేది పెద్దగా లేదు. 1962లో పురావస్తు శాస్త్రజ్ఞుడు ఐవర్ నోయెల్ హ్యూమ్ ఆ రకం మట్టిపాత్రలకు ఒక పేరు పెట్టి, అవి అమెరికా ఆదివాసులు చేసినవని భావించాడు. తరువాత లీలండ్ ఫెర్గూసన్ వాటిని మళ్లీ పరిశీలించి, వాటిలో చాలా భాగం బానిసలుగా బతికిన ఆఫ్రికన్లు తమకోసం చేసుకున్నవని వాదించాడు. కొన్ని గిన్నెల అడుగున గీతలతో గీసిన శిలువ లాంటి గుర్తులు కనిపించాయి. అలాంటి గుర్తులున్నవి ఎక్కువగా వరి తోటల పక్కన నది అడుగునే దొరికాయన్నది ఆయన పట్టుకున్న సూత్రం. కాంగో ప్రాంతపు ప్రజలకు అలాంటి గుర్తు బతికినవాళ్ల లోకానికీ చనిపోయినవాళ్ల లోకానికీ మధ్యనున్న నీటి హద్దును సూచిస్తుంది. కాబట్టి వాటిని ఎవరో పూజగా నదిలో విడిచి ఉండొచ్చని 1992లో వచ్చిన తన పుస్తకంలో ఆయన ప్రతిపాదించాడు. రాతకోతలకు దూరంగా ఉంచబడిన, పేర్లు కూడా మిగలని మనుషుల నమ్మకం గురించి ఒక మాట అనగలిగారంటే అది ‘నదిలో దొరికింది’ అన్న ఒక్క వివరం వల్ల. ఆ గిన్నెల్లో చాలావాటిని పైకి తెచ్చినవాళ్లు సరదాగా దిగిన ఈతగాళ్లు. అందరూ ఫెర్గూసన్‌తో ఏకీభవించరు. ఆ గుర్తులు ఆదివాసీ కుమ్మరులు తమ సరుకుకు వేసుకున్నవి కావచ్చని అనేవాళ్లూ ఉన్నారు. ఎవరి మాట నెగ్గినా, ఏ గిన్నె ఎక్కడ దొరికిందన్న లెక్క మీదే నెగ్గాలి.

సౌత్ కరొలైనా ఈ లెక్క కోసమే ఒక మధ్యేమార్గం పట్టింది. 1991 నాటి చట్టం ప్రకారం రాష్ట్ర నీళ్లలో పాత వస్తువులు, శిలాజాలు ఏరుకోవాలంటే అభిరుచి లైసెన్సు తీసుకోవాలి. చేతికందినవి ఏరుకోవచ్చు, యంత్రాలతో తవ్వకూడదు. ఏం దొరికిందో, ఎక్కడ దొరికిందో విశ్వవిద్యాలయంలోని పురావస్తు సంస్థకు నివేదిక ఇవ్వాలి. ఇస్తే మామూలుగా ఆ వస్తువు దొరికినవాడిదే. ఇంగ్లండులోనూ ఇదే ఆలోచన మరో రూపంలో ఉంది. థేమ్స్ ఒడ్డు బురదలో వెతకడానికి అనుమతి పత్రం కావాలి, మూడు వందల ఏళ్లు దాటిన వస్తువు దొరికితే చూపించాలి. మామూలు జనానికి దొరికినవాటిని నమోదు చేయడానికి 1997లో మొదలైన అక్కడి పథకం పుస్తకాల్లోకి పది లక్షలకు పైగా వస్తువులు ఎక్కాయి. జీతాలిచ్చి పంపిన పరిశోధకులతో అంత నేలా నీరూ గాలించడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు.

దీనికి పెద్ద అభ్యంతరం పురావస్తు శాస్త్రజ్ఞుల నుంచే వస్తుంది. నీటి కింద ఉన్నదాన్ని ఉన్నచోటే ఉంచడం మొదటి మార్గంగా పరిగణించాలని 2001 యునెస్కో ఒప్పందం చెబుతుంది. మునిగిన ఓడ విషయంలో ఆ మాట అక్షరాలా సరైనది. ఓడ ఒకేసారి మూతపడిన పెట్టె లాంటిది. అందులోంచి ఒక సీసా తీసినా పెట్టె మొత్తానికి నష్టం. తోట రేవు అలాంటిది కాదు. రెండు వందల ఏళ్లపాటు రోజుకింత పడుతూ వచ్చిన చెత్త అది. నది ఒడ్డును కోస్తూ, లంగర్లు గీరుతూ, వరదలు ఒరుసుకుపోతూ ఉంటే అక్కడ ‘ఉన్నచోటే ఉంచడం’ అంటే నెమ్మదిగా పోగొట్టుకోవడం కూడా కావచ్చు. ఓడలకు ఒక నియమం, రేవు చెత్తకు మరో నియమం ఉండటంలో తప్పులేదు.

సేకర్తల వైపు నుంచి దీనికి సరిగ్గా ఎదురు వాదన వినిపిస్తుంది. నది ఎలాగూ అన్నిటినీ దొర్లించి కలిపేసింది కదా, ఇక చోటు రాసి ఏం లాభం అని. దొర్లించిన మాట నిజమే, అయితే అన్నిటినీ ఒకేలా కాదు. మందపాటి అడుగున్న బరువు సీసా మెత్తటి మట్టిలో దిగబడితే ఎక్కువ దూరం పోదు. ఒక రేవు కింద ఇరవై సీసాలు ఒకే కాలానివి దొరికితే, వాటిలో రెండు కొట్టుకొచ్చినా మిగతా పద్దెనిమిది ఆ ఇంటి సంగతే చెబుతాయి. ఆ ఇరవై ఒకచోట ఉన్నాయని ఎవరో ఒకరు రాసి ఉంటేనే ఇదంతా. ఇరవై మంది అల్మరాల్లోకి చెదిరిపోయాక చెప్పడానికి ఏమీ ఉండదు.

నన్ను నిజంగా ఆలోచనలో పెట్టేది ఫ్లోరిడా అనుభవం. ఆ రాష్ట్రం కూడా నదుల్లో విడిగా దొరికినవాటిని ఉంచుకోనిచ్చి, బదులుగా సమాచారం అడిగింది. చాలామంది తీసుకెళ్లారే గాని చెప్పలేదు, దాంతో 2005లో ఆ పథకాన్ని ఎత్తేశారు. నిజాయితీ మీద నడిచే ఏర్పాటుకు ఆ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. సౌత్ కరొలైనాలోనూ లైసెన్సు ఉన్న ప్రతి ఒక్కరూ నివేదిక ఇస్తారని అనుకోను. కానీ అక్కడి సంస్థ కాగితం అడిగి ఊరుకోలేదు. ఈతగాళ్లకు శిక్షణ తరగతులు పెట్టింది, తెచ్చిన వస్తువును గుర్తుపట్టి చెప్పింది, నది అడుగున పాత పడవలను తాకకుండా చూసొచ్చే దారిని కూపర్‌లో ఏర్పాటు చేసింది. తన సీసా ఏమిటో చెప్పేవాళ్లున్నారని తెలిస్తే, అది ఎక్కడ దొరికిందో చెప్పడానికి మనిషికి ఒక కారణం దొరుకుతుంది. పూర్తిగా నిషేధిస్తే ఆ మాటలే ఉండవు, రాత్రిపూట దిగడం మాత్రం ఉంటుంది. అడగాల్సినవీ పెద్ద భారమేమీ కావు: తేదీ, రేవు పేరు, ఏ ఒడ్డు వైపు, ఎంత లోతు, చుట్టూ ఇంకేం కనిపించాయి. చివరి గడిలో అమ్ముడుపోని పెంకులు కూడా ఉండాలి, అడుగున గీతలున్న మట్టి గిన్నె ముక్క ముఖ్యంగా.