సీసీ కెమెరా దృశ్యం సాక్ష్యంగా నిలవాలంటే...

దొంగతనమో, ప్రమాదమో, కొట్లాటో జరిగితే ఇప్పుడు అందరి నోటా ముందుగా వచ్చే మాట "అక్కడ సీసీ కెమెరా ఉందిగా!" అని. కెమెరా ఉంటే సాక్ష్యం ఉన్నట్లేనని చాలామంది నమ్మకం. కానీ కెమెరా చూసినదానికీ, కోర్టు ఒప్పుకునేదానికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ సంగతి తెలియడం మనబోటి వాళ్ళకు మరీ అవసరం. బజారులో సెల్‌ఫోను పోతే ముందు హాస్టలు పిల్లలనే నిలబెట్టి అడిగే ఊళ్ళు మనం చూడనివి కావు. దొంగను పట్టించే దృశ్యమే, ఆ సమయానికి మనం అక్కడ లేమని కూడా చెప్పగలదు.

2010లో వారణాసిలో ఒక హోటల్లో దిగిన ముగ్గురు ఇటలీ యాత్రికుల్లో ఒకరు చనిపోయారు. మిగిలిన ఇద్దరి మీద హత్య కేసు పెట్టారు. కింది కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది, హైకోర్టు దాన్ని సమర్థించింది. హోటల్లో సీసీ కెమెరాలు ఉన్నాయి. బయటివాళ్ళెవరైనా ఆ గదికి వచ్చారా లేదా అన్నది వాటిలో తేలేది. ఆ రికార్డింగును మాత్రం కోర్టు ముందు పెట్టలేదు. 2015 జనవరిలో సుప్రీంకోర్టు ఈ లోపాన్ని గట్టిగా పట్టుకుంది. మేలైన సాక్ష్యం ఉండి కూడా చూపలేదంటే అది ప్రాసిక్యూషన్‌కు వ్యతిరేకమైనదిగానే భావించవచ్చని చెప్పి, ఇతర కారణాలతో పాటు దీన్ని కూడా లెక్కలోకి తీసుకుని ఇద్దరినీ విడుదల చేసింది. అప్పటికే వారి జీవితంలో దాదాపు ఐదేళ్ళు జైలుపాలయ్యాయి.

దృశ్యాలు పోవడానికి పెద్ద కుట్రలేమీ అక్కర్లేదు, ఊరికే వదిలేస్తే చాలు. కెమెరాలు పంపే దృశ్యాలు డీవీఆర్‌ అనే పెట్టెలోని హార్డ్‌డిస్కులో చేరతాయి. డిస్కు నిండగానే పాత రోజు చెరిగి, దాని మీద కొత్త రోజు ఎక్కుతుంది. లెక్క వేసి చూద్దాం. ఒక కెమెరా సెకనుకు 2 మెగాబిట్లు పంపితే రోజుకు 21.6 జీబీ అవుతుంది. నాలుగు కెమెరాలకు 86.4 జీబీ. 1 టీబీ డిస్కు పదకొండున్నర రోజుల్లో నిండిపోతుంది. ఒకేసారి వంద మందీ, అంతకు మించీ చేరే చోట్ల కెమెరాలు పెట్టి, రికార్డింగును 30 రోజులు దాచాలని ఉమ్మడి రాష్ట్రంలో 2013లోనే ప్రజా భద్రత చట్టం వచ్చింది. కానీ వీధి చివరి కిరాణా కొట్టుకు ఆ చట్టం వర్తించదు. ఆ కొట్టు కెమెరాలో ఏం పడిందో వచ్చే నెల అడిగితే ఏమీ మిగలదు. అందుకే సంఘటన జరిగిన రోజునే, ఏ తేదీ, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు కావాలో, ఏ కెమెరాదో రాసి, చెరపవద్దని కొట్టు యజమానికి ఒక కాగితం ఇవ్వాలి. దాని నకలు పోలీసు స్టేషన్లో ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోవాలి. నోటిమాటగా అడిగినది ఎవరికీ గుర్తుండదు.

తరువాతి చిక్కు గడియారం. ఇంటర్నెట్‌కు కలపని డీవీఆర్‌లో సమయం మెల్లగా తప్పుతుంది. లోపలి చిన్న బ్యాటరీ అయిపోతే తేదీ ఏ పాత సంవత్సరానికో పోతుంది. రాత్రి 9.10కి మనం స్టడీ అవర్లో ఉన్నామని హాజరు పట్టీ చెబుతుంది, తెర మీద 9.10కి బజారులో ఎవరో మనలాంటి పిల్లవాడు కనిపిస్తాడు. ఆ గడియారం పావుగంట తప్పని తెలియకపోతే ఎంత ప్రమాదమో ఆలోచించండి! ఇలాంటప్పుడు గడియారాన్ని వెంటనే సరిచేయడం మంచి పని కాదు. ముందు డీవీఆర్‌ తెర పక్కన సరైన సమయం చూపే ఫోను పెట్టి, రెండూ కలిపి ఫోటో తీసి, తేడా ఎంతో రాసుకోవాలి. కాపీ తీశాకే సరిచేయాలి.

ఇక బొమ్మ. సినిమాల్లో చూపినట్లు మసక ముఖాన్ని పెద్దది చేస్తే స్పష్టమైపోదు. కెమెరా పట్టని వివరాన్ని ఏ కంప్యూటరూ నిజంగా తెచ్చిపెట్టలేదు. తెలియని మనిషిని గుర్తుపట్టాలంటే మనిషి ఉన్న చోట ఒక మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్ళు పడాలని 2014 నాటి అంతర్జాతీయ ప్రమాణం చెప్పింది. 1920 పిక్సెళ్ళ వెడల్పు గల కెమెరాకు అది సుమారు ఏడున్నర మీటర్ల మేర మాత్రమే. వీధి మొత్తం కనబడేలా ఎత్తున కట్టిన కెమెరాలో తలకాయలు కనిపిస్తాయి గానీ ముఖాలు కనిపించవు. గుమ్మం దగ్గర తల ఎత్తున పెట్టిన ఒక్క కెమెరా అలాంటి మూడింటి పెట్టు. రాత్రిపూట పరారుణ కాంతిలో కొన్ని నల్ల బట్టలు కూడా తెల్లగా కనిపిస్తాయి. చొక్కా రంగును బట్టి మనిషిని పట్టేవాళ్ళు ఇది గమనించాలి.

కాపీ తీసేటప్పుడే ఎక్కువ నష్టం జరుగుతోంది. తెరను ఫోనుతో షూట్‌ చేసి వాట్సాప్‌లో పంపడం అందరికీ అలవాటైపోయింది. దానివల్ల బొమ్మ చిక్కిపోతుంది, అసలు ఫైలు గుర్తులు పోతాయి. పైగా అది ఊరంతా తిరిగాక, సాక్షి మనిషిని చూసి గుర్తుపట్టాడా, వీడియో చూసి గుర్తుపట్టాడా అని ఎదుటి వకీలు అడుగుతాడు. సంఘటనకు అరగంట ముందు నుంచి అరగంట తరువాత వరకు, డీవీఆర్‌ ఇచ్చే సొంత ఫార్మాట్‌లోనే, దాన్ని ఆడించే ప్లేయర్‌తో సహా కాపీ తీయించాలి. ఆ ఫైలుకు హాష్‌ విలువ కట్టాలి. అది ఫైలుకు వేలిముద్ర వంటిది. ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో 64 అక్షరాలు, అంకెలు వస్తాయి. ఫైలులో ఒక్క చుక్క మారినా మొత్తం మారిపోతుంది. కాపీని ఎవరు తీశారు, ఎవరి చేతికి ఎప్పుడు ఇచ్చారు అన్నది కూడా వరసగా రాసి ఉండాలి.

వీటన్నిటి మీదా ఒక ధ్రువపత్రం కావాలి. పాత సాక్ష్య చట్టంలో ఇది 65బి సెక్షను. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షను. ఇప్పుడు దీనికి రెండు భాగాలు. ఒకదాని మీద పరికరం బాధ్యత చూసే వ్యక్తి, మరొకదాని మీద నిపుణుడు సంతకం చేయాలి. హాష్‌ విలువ అందులోనే రాయాలి. మహారాష్ట్రలోని జాల్నాలో 2014 ఎన్నికలప్పుడు ఒక అభ్యర్థి నామినేషను మధ్యాహ్నం 3 గంటల గడువు దాటాక అందిందా అన్న వివాదం వచ్చింది. ఎన్నికల అధికారి కార్యాలయంలోని వీడియో కెమెరాలే దానికి సాక్ష్యం. కానీ ఎన్నిసార్లు అడిగినా అధికారులు ధ్రువపత్రం ఇవ్వలేదు. 2020లో సుప్రీంకోర్టు, ధ్రువపత్రం తప్పనిసరే అంటూ, దానికోసం చేయగలిగినదంతా చేసినవాడిని అది లేదని శిక్షించకూడదని చెప్పింది. చేశామని చూపడానికి మళ్ళీ మన కాగితాలే ఆధారం!

అదే ఏడాది డిసెంబరు 2న సుప్రీంకోర్టు ఇంకో ఉత్తర్వు ఇచ్చింది. ప్రతి పోలీసు స్టేషన్లో గుమ్మం నుంచి లాకప్‌ దాకా మాట కూడా వినిపించే కెమెరాలు ఉండాలి. రికార్డింగును 18 నెలలు, వీలుకాని చోట కనీసం ఏడాది దాచాలి. స్టేషన్లో ఎవరికైనా తీవ్ర గాయాలైతే మానవ హక్కుల కమిషను ఆ దృశ్యాలను తెప్పించుకోవచ్చు. మనవాళ్ళెవరినైనా విచారణకని తీసుకెళ్తే, ఏ స్టేషనుకో, ఎన్ని గంటలకు లోపలికి వెళ్ళారో, ఎన్ని గంటలకు బయటికి వచ్చారో ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి.