కంప్యూటరు లోపలి నీరుగంటి



చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి వైపు వాళ్లకు నీరుగంటి అంటే ఎవరో కొత్తగా చెప్పనక్కరలేదు. ఏడాది పొడుగునా పారే నది లేని సీమ మనది. పెద్దలు చెరువులు కట్టుకుని బతికారు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలి అన్నది నీరుగంటి చూసుకునేవాడు. ఈ రోజు మనం మాట్లాడుకునేది కంప్యూటరు గురించి. దాని లోపల కూడా ఇలాంటి నీరుగంటి ఒకడున్నాడు. అతని పని తెలిస్తే, కంప్యూటరు ఎందుకు మొరాయిస్తుందో సగం తెలిసినట్టే.

ఒక జిరాక్సు అంగడి అనుకోండి. ఉన్నది ఒక్క కంప్యూటరు. అందులో ఒక పక్క పెళ్లి వీడియో తయారవుతోంది. ఇంకో పక్క వైరస్‌లను వెదికే ప్రోగ్రాము డిస్కంతా గాలిస్తోంది. అప్పుడే ఒక అమ్మాయి స్కాలర్‌షిప్పు అర్జీ నింపించుకోడానికి వచ్చింది. గడువు ఆ సాయంత్రమే. మీట నొక్కితే అక్షరం తెర మీద పడటం లేదు. మరి ఈ మూడు పనుల్లో ఏది ముందు జరగాలి?

కంప్యూటరులో లెక్కలు చేసే భాగాన్ని ప్రాసెసరు అంటారు. అది మన తూము లాంటిది. ప్రోగ్రాములు మళ్ల లాంటివి. మళ్లు ఎక్కువ, తూములు తక్కువ. అందుకని షెడ్యూలరు అనే నీరుగంటి ఒక్కో పనికి కొన్ని మిల్లీసెకన్ల చొప్పున వంతు ఇస్తాడు. సెకనులో వెయ్యో భాగం మిల్లీసెకను. వంతులు అంత వేగంగా మారుతుంటాయి కాబట్టి అన్నీ ఒకేసారి నడుస్తున్నట్టు మనకు కనిపిస్తుంది.

వచ్చిన వరుసలోనే పని చేస్తే పోలేదా అని మీరు అడగవచ్చు. కర్ణాటకలో 2000 తర్వాత 'భూమి' పథకం కింద తాలూకా కచేరీల్లో పహణీలు కంప్యూటరుకు ఎక్కాయి. పట్టా మార్పు అర్జీలను వచ్చిన వరుసలోనే తీసుకోవాలని అందులో నియమం పెట్టారు. పలుకుబడి ఉన్నవాడి కాగితం ముందుకు దూకకూడదని దాని ఉద్దేశం. అక్కడ అది న్యాయం. కంప్యూటరు లోపల అదే పద్ధతి పెడితే, గంట పట్టే వీడియో పూర్తయ్యాక గాని ఒక్క అక్షరం పడదు. చిటికెలో అయ్యే పని, మనిషి ఎదురుచూసే పని ముందు జరగాలి. అందుకే వంతులతో పాటు ప్రాధాన్యం కూడా అవసరమైంది.

విండోస్‌లో ఆరు మెట్లున్నాయి: రియల్ టైమ్, హై, ఎబవ్ నార్మల్, నార్మల్, బిలో నార్మల్, లో. లినక్స్‌లో దీన్ని 'నైస్' అనే అంకెతో చెబుతారు. అది మైనస్ 20 నుంచి 19 దాకా ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ ఆ ప్రోగ్రాము మర్యాదస్తుడన్నమాట, పక్కవాడికి దారి ఇస్తుంది.

విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో డీటెయిల్స్ అన్న చోట ప్రోగ్రాము పేరు మీద మౌసు కుడి మీట నొక్కి ప్రాధాన్యం మార్చవచ్చు. అయితే మన పనిని పైకి ఎక్కించడం కంటే, భారీ పనిని 'బిలో నార్మల్'కు దించడం మంచిది. వీడియో ఎలాగూ తయారవుతుంది, కాస్త ఆలస్యమవుతుంది, అంతే. 'రియల్ టైమ్' జోలికి మాత్రం వెళ్లకండి. తూము మొత్తం ఒకే మడికి తిప్పితే మౌసు కూడా కదలకుండా పోవచ్చు. ఇదంతా తానే గమనిస్తూ, ప్రాసెసరును ఆక్రమించిన ప్రోగ్రామును కాసేపు కిందికి దించి, మళ్లీ యథాస్థానంలో పెట్టే ప్రాసెస్ లాసో వంటి సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి.

ప్రాధాన్యంతోనూ చిక్కులున్నాయి. 1997 జూలై 4న అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ నౌకలో కంప్యూటరు మాటిమాటికీ తనంతట తాను మొదటికి రాసాగింది. వాతావరణ వివరాలు సేకరించే చిన్న పని దగ్గర ఒక తాళం ఉండిపోయింది. అతి ముఖ్యమైన పనికి ఆ తాళమే కావాలి. ఈలోగా మధ్యరకం పనులు వచ్చి చిన్న పనిని ఆపేశాయి. తాళం ఉన్నవాడు కదల్లేదు, పెద్దవాడికి తాళం అందలేదు. తాళం పట్టుకున్నంతసేపు చిన్న పనికి కూడా పెద్ద పని హోదా ఇచ్చే ఏర్పాటును ఇంజనీర్లు భూమి మీద నుంచే అమలు చేసి సరిదిద్దారు.

ఇంకో చిక్కు చివరి మడిది. పై మళ్లకే నీళ్లు పారితే అది ఎండిపోతుంది. అందుకే చాలాసేపుగా వంతు రాని పనికి విండోస్ కాసేపు ప్రాధాన్యం పెంచుతుంది.

చివరగా ఒక మాట. నీరుగంటి ఎంత సమర్థుడైనా చెరువులో లేని నీటిని పారించలేడు. మెమొరీ చాలకపోయినా, డిస్కు పాతబడినా ప్రాధాన్యం మార్చి లాభం లేదు. ముందు టాస్క్ మేనేజర్‌లో కొరత ఎక్కడుందో చూడండి. అక్కరలేని ప్రోగ్రాములు మూసేయండి. ఆ తర్వాతే వంతుల సంగతి. ఎదుట కూర్చున్న మనిషి పని ఆగకుండా చూస్తే, ఉన్న కంప్యూటరే మరికొన్నాళ్లు మీ పనికొస్తుంది.