మొటిమ మానినా గుంట ఎందుకు మిగులుతుంది?

మొటిమ లోతుగా వాస్తే చర్మంలోని కొల్లాజెన్ పోగులు దెబ్బతింటాయి. మానేటప్పుడు అవి చాలినంతగా తిరిగి అల్లుకోకపోతే గుంట పడుతుంది. మొటిమ మిగిల్చే ఎరుపు సంగతి వేరు. వాపు తగ్గినా సన్నని రక్తనాళాలు కొన్నాళ్లు ఉబ్బే ఉంటాయి. అవి సర్దుకునే కొద్దీ ఎరుపు చాలామందికి కొన్ని నెలల్లో దానంతటదే తగ్గుతుంది. లోతైన గుంట అలా పూడదు.

మరి లేజర్ ఏం చేస్తుంది?

తగిన రంగు కాంతిని రెప్పపాటులో వేస్తే కావలసిన చోటే వేడెక్కుతుందని 1983లో అమెరికాలోని బోస్టన్ వైద్యులు రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ వివరించారు. ఉదాహరణకు పల్స్‌డ్ డై లేజర్ కాంతి తరంగదైర్ఘ్యం సాధారణంగా 595 నానోమీటర్లు. దాన్ని రక్తంలోని హిమోగ్లోబిన్ పీల్చుకుంటుంది. ఉబ్బిన నాళాలు మూసుకుపోయి ఎరుపు తగ్గుతుంది.

గుంటలకు ఎలా?

2004లో ఆండర్సన్, డీటర్ మాన్‌స్టైన్ బృందం ఫ్రాక్షనల్ పద్ధతిని ప్రకటించింది. ఇందులో లేజర్ వెంట్రుకంత సన్నని చుక్కల్లోనే తాకుతుంది. చుట్టూ ఉన్న మంచి చర్మం గాయాన్ని త్వరగా మాన్పుతుంది, కొత్త కొల్లాజెన్ పుడుతుంది. లేజర్ కాని పద్ధతులూ ఉన్నాయి. గుంటను లోపలికి లాగిపట్టిన పోగుల్ని సూదితో తెంచడం సబ్‌సిషన్. సన్నని లోతైన గుంటల్లో ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం చుక్క వేస్తారు.

చామనఛాయ చర్మానికి లేజర్ వేడితో నల్లమచ్చలు పడే ప్రమాదం ఎక్కువ. కాబట్టి చర్మవైద్యుల సలహా తప్పనిసరి. ఈలోగా మొటిమల్ని గిల్లకండి!