పాత మిల్లింగ్ మెషీన్‌కు సర్వో ఎందుకు?

అమెరికాలో 1938లో వచ్చిన బ్రిడ్జ్‌పోర్ట్ మిల్లింగ్ మెషీన్‌లో బల్లను చేత్తో చక్రం తిప్పి జరిపేవారు. అలాంటి పాతదాన్ని కంప్యూటర్‌తో నడపాలంటే ఏ మోటార్ పెట్టాలి?

స్టెప్పర్ మోటార్ చవక. చుట్టుకు 200 అడుగులు వేస్తుంది. కానీ కట్టర్ ఉక్కులో బిగుసుకుని నాలుగు అడుగులు తప్పినా దానికి తెలియదు. ముక్క పాడయ్యాక మనకు తెలుస్తుంది!

సర్వో మోటార్ వెనక ఎన్‌కోడర్ ఉంటుంది. అది చుట్టుకు 10,000 గుర్తులు లెక్కపెట్టేదై, బల్లను జరిపే బాల్‌స్క్రూ చుట్టుకు దాన్ని 5 మిల్లీమీటర్లు కదిపేదైతే, ఒక్కో గుర్తు అర మైక్రాన్. వెళ్లమన్న చోటునూ చేరిన చోటునూ క్షణక్షణం పోల్చి, మోటార్‌ను నడిపే డ్రైవ్ దానికి కరెంటు పెంచుతుంది, తగ్గిస్తుంది. తేడా హద్దు దాటితే ఆపేస్తుంది.

అయితే స్క్రూ, నట్టు అరిగి వదులైతే ఎంత ఖరీదైన సర్వో అయినా దండగే. దిశ మారినప్పుడు మోటార్ కాస్త తిరుగుతుంది, బల్ల మాత్రం కదలదు. మోటార్ మీది ఎన్‌కోడర్ అంతా సవ్యమే అంటుంది. కాబట్టి ముందు బాల్‌స్క్రూ, తర్వాతే మోటార్, దాని ఓల్టేజికి తగిన డ్రైవ్. వీటికి ఆజ్ఞలివ్వడానికి ఉచితంగా దొరికే లినక్స్‌సీఎన్‌సీ సాఫ్ట్‌వేర్ కూడా పనికొస్తుంది.