దమ్ముచక్రము: పట్టు, అరుగుదల

నేటి ప్రసంగవిషయము చూపునకు చిన్నది, ఖర్చునకు పెద్దది. కయ్యలో అడుసు దున్నుటకై ట్రాక్టరునకు తగిలించు ఇనుపచక్రమును మీరెల్లరు నెఱుగుదురు. కొందఱు దానిని దమ్ముచక్రమందురు, కొందఱు కేజీవీలందురు. కయ్యలో నంత మేలుచేయు వస్తువు బాట కెక్కగానే ఇంత చేటు నేల చేయును? కలువాయి ప్రాంతమున బడిపంతులుగా నుండి పిల్లలకు తులాదండపాఠము చెప్పినవాడను గనుక, ఆ లెక్కతోనే దీనిని విప్పి చెప్పెదను.

రబ్బరుచక్రము గట్టినేలమీద చక్కగా నడచును. నీరు నిలిచిన కయ్యలో దాని గాడులు బురదతో నిండిపోవును. అంతట చక్రము నున్ననై, ఉన్నచోటనే తిరుగుచు దిగబడును. ఇనుపచక్రమునకు ఎడమెడముగా అడ్డుపట్టీలు గలవు. ఆ పట్టీలు అడుసులోనికి చొచ్చి, క్రింది గట్టిపొరను చేరి, దానిని వెనుకకు త్రోయును. నేలను వెనుకకు త్రోసినకొలది బండి ముందునకు సాగును. బురద పట్టీల నడుమనుండి జాఱిపోవును. పడవవాడు తెడ్డుతో నీటిని త్రోయుట యెట్టిదో యిదియు నట్టిదే.

అదే చక్రమును తారుబాట కెక్కింపుడు. అచట పట్టీ దిగుటకు మెత్తని నేల లేదు. సుమారు ఇరువది క్వింటాళ్ల యంత్రము, దాని బరువులో పెద్దపాలు వెనుక చక్రములదే, ఒక్కొక్క ప్రక్కను ఒకటి రెండు పట్టీల అంచులమీద నిలుచును. అంత బరువు అంత సన్నని చోట పడగా తారు చిట్లును. ఆ చీలికలో వాననీరు దిగును. క్రింది కంకర కదలును. రెండు కార్తెలు గడచునప్పటికి అచట గుంత కనబడును.

బాటకు జరిగిన నష్టము కంటికి కనబడుచున్నది. బండికి జరుగునది కనబడదు. చక్రపు చుట్టుకొలత 4 మీటర్లనియు, పట్టీలు 12 అనియు లెక్కకై అనుకొందము. మీటరునకు 3 పట్టీలు బాటను తాకును. ఒక కిలోమీటరు నడచునప్పటికి ఒక్కొక్క చక్రము 3,000 దెబ్బలు తినును. రబ్బరుచక్రములోని గాలి పరుపువలె దెబ్బను మ్రింగును. ఇనుము మ్రింగదు. ఆ దెబ్బ నేరుగా ఇరుసునకును, ఇరుసును మోయు బేరింగునకును చేరును. గుండ్ల బేరింగును గూర్చి యంత్రశాస్త్రజ్ఞులు చెప్పు లెక్క యొకటి కలదు. భారము రెండింతలైనచో దాని ఆయువు సగమునకు గాక ఎనిమిదవ వంతునకు తగ్గును. చిన్న నిర్లక్ష్యమునకు పెద్ద బిల్లు వచ్చుట యిందువలననే.

ఇక రబ్బరుచక్రమును విప్పకయే దాని వెలుపలి ప్రక్కను బిగించు అరచక్రములు కలవు. ఇచట తులాదండము జ్ఞప్తికి దెచ్చుకొనుడు. కావడిబద్దకు చివర కట్టిన కుండ, భుజము దగ్గఱ కట్టిన కుండకంటె నెక్కువగా బద్దను వంచును. అట్లే భారము ఇరుసునుండి ఎంత దూరమున పడినచో అంతగా ఇరుసు వంగజూచును. దానితోపాటు బురదనీరు ఆయిల్‌సీలును ఒరసి లోనికి చొచ్చును. సీలు తెగినచో నూనె బయటికి, ఇసుక లోపలికి.

మన పెద్దలకిది క్రొత్త గాదు. ఎద్దుబండి చక్రమునకు ఇనుపకట్టు వేసిరి. కొయ్య అరుగుట తగ్గినది గాని, ఆ కట్టు బాటలో గాడి చేసినది, కుదుపు ఇరుసునకు చేరినది. అందుకే ఆముదముతో కందెన చేసి, తప్పక ఇరుసునకు పూయుచుండిరి.

మంచుదేశములందును ఇదే కథ. కెనడాలో జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియే అను నతడు మంచుమీద నడచు బండికి 1937లో హక్కుపత్రము పొందెను. వాని సంస్థ 1959లో స్కీడూ అను చిన్నబండిని వెలువరించెను. దానికి ముందు జాఱుబద్దలు, వెనుక రబ్బరుపట్టా యుండును. పట్టాలోపల చిన్న చక్రములు దొర్లుచుండును. గడ్డకట్టిన చెఱువుమీద జాఱకుండుటకై పట్టాకు ఇనుపమేకులు దిగగొట్టుదురు. మేకు మొన వెలుపల, తల లోపల. ఆ తల చిన్న చక్రపు దారిలో పడెనా, ప్రతి చుట్టునకును చక్రపు రబ్బరు చెక్కుకొనిపోవును. అందుచే తెలిసినవారు చక్రపుదారిని విడిచి మేకులు వేయుదురు. పట్టాను మోయు బద్దలకు మంచే కందెన. మంచులేని గట్టినేలపై నడపినచో అవి వేడెక్కి కరగును. జపాను దేశమున కార్ల చక్రములకు వేసిన మేకులు బాటను గీకి ఊళ్లను దుమ్ముతో నింపగా, 1990లో వానిని అరికట్టుచు శాసనము చేసిరి.

ట్రాక్టరులును మొదట ఇనుపచక్రములతోనే నడచినవి. ఆలిస్ చామర్స్ కంపెనీ 1932లో అమెరికాలో వానికి గాలిచక్రములు అమర్చెను. ఆ మేలును మనము బాటమీద పోగొట్టుకొనరాదు.

కావున నా మనవి. ఇనుపచక్రములను ట్రాలీలో వేసికొనిపోయి గెనిమ ప్రక్కననే బిగింపుడు. పని ముగియగానే అచటనే విప్పుడు. అరగంట ఆలస్యమని డ్రైవరు విసుగుకొన్నను సరే, వినకుడు. బాట దాటక తప్పనిచో పాత లారీటైర్లనో, మందపు పలకలనో పఱచి, మెల్లగా దాటింపుడు. సాయంకాలము ఇరుసుమొదట బురద కడిగి, నూనె కాఱుచున్నదేమో చూడుడు. బోల్టులు బిగింపుడు. బాట నడుమ గుంత పడినచో రాత్రివేళ ప్రసవవేదనతో పోవు బిడ్డ ఆసుపత్రికి చేరుట ఆలస్యమగును. ఆ బిడ్డ మన యింటిదే కావచ్చును. ఊరిపెద్దలు రచ్చబండకడ ఒక్కమాట చెప్పినచో పడుచువారు తప్పక విందురని నా నమ్మకము.