చలికాలపు తోటకు రంగులు తెచ్చే మొక్కలేవి? కురచబడుతున్న శీతకాలంతో ఉద్యానప్రియుల తంటాలు

న్యూఢిల్లీ: ఏటా ఫిబ్రవరి మాసం ప్రవేశించగానే రాష్ట్రపతి భవన్ ఉద్యానవనం వెలుపల సందర్శకులు బారులు తీరడం రాజధానిలో పరిపాటి. ఎడ్విన్ ల్యూటెన్స్ రూపకల్పన చేయగా, ఉద్యాన విభాగాధిపతి విలియం ముస్టో దగ్గరుండి మొక్కలు నాటించిన ఈ 15 ఎకరాల తోటను ప్రజల సందర్శనార్థం తెరిపించిన ఘనత తొలి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్‌ది. మొఘల్ గార్డెన్స్‌గా దశాబ్దాలపాటు ప్రసిద్ధి చెందిన ఈ వనానికి 2023 జనవరిలో అమృత్ ఉద్యాన్ అని నామకరణం చేశారు. పేరు మారినా తోటమాలుల పంచాంగం మాత్రం మారలేదు. ఫిబ్రవరిలో విరబూసే పూలకు సెప్టెంబరు, అక్టోబరు మాసాల్లోనే నారు పోయవలసి ఉంటుంది.

ఈ చిన్న విషయం తెలియకనే నగరవాసులు ఏటా సొమ్ము పోగొట్టుకుంటున్నారు. ప్రదర్శన తోటలను చూసి ముచ్చటపడి, ఆదరాబాదరాగా నర్సరీకి వెళ్లి, కుండీలో అప్పటికే విచ్చుకున్న పెటూనియానో, పాన్సీనో కొని ఇంటికి తెచ్చుకుంటారు. పూర్తిగా విచ్చిన మొక్క ఆయుష్షు సగం నర్సరీలోనే గడిచిపోయి ఉంటుంది. వేళ్లు కొత్త మట్టిని పట్టుకునేలోగా ఎండలు ముదురుతాయి. దానికి బదులు నవంబరు తొలివారాల్లో నాలుగైదు ఆకులు మాత్రమే తొడిగిన నారు కొన్నట్లయితే ఖర్చులో ఖర్చు తగ్గుతుంది, పూత కాలమూ పెరుగుతుంది.

ఉత్తరాది మైదానాల్లో చలికాలం అంతా ఒకటే కాదన్నది మొక్కల ఎంపికలో గుర్తించవలసిన మొదటి అంశం. నవంబరు, డిసెంబరు మాసాల్లో పూసేవి వేరు. ఫిబ్రవరి, మార్చి మాసాల్లో పూసేవి వేరు. నడుమ పొగమంచు కమ్ముకునే రోజుల్లో సూర్యరశ్మి కరవై మొక్కలు ఎదుగుదల మాని ముడుచుకుని కూర్చుంటాయి. తోట బోసిపోయేది అప్పుడే.

ఈ తొలి అంకానికి రాణి చామంతి. రాత్రులు దీర్ఘమైతేనే మొగ్గ తొడిగే స్వభావం దీనిది. ఆ చీకటికి మధ్యలో భంగం కలిగినా మొక్క పూత మానేసి ఆకులు వేస్తూ పోతుంది. వీధిదీపం కిందనో, రాత్రంతా వెలిగే వరండా బల్బు పక్కనో కుండీ పెట్టి, చామంతి ఎందుకు పూయలేదని ఎరువుల దుకాణం చుట్టూ తిరిగేవారు ఎందరో! ఇదే స్వభావాన్ని కర్ణాటకలోని కోలార్, చిక్కబళ్లాపుర ప్రాంతాల రైతులు లాభసాటిగా మలచుకున్నారు. రాత్రివేళ పొలాల్లో బల్బులు వెలిగించి పూతను వాయిదా వేసి, గిరాకీ ఉన్న రోజులకు పంట చేతికి వచ్చేలా చూసుకుంటున్నారు.

చామంతి విషయంలో లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ కృషి ప్రత్యేకంగా పేర్కొనదగినది. 1953లో శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి ఆధీనంలోకి వచ్చిన ఈ సంస్థ, తలలు తుంచే శ్రమ గాని, ఊతకర్రల అవసరం గాని లేకుండా గుబురుగా పూసే పొట్టి చామంతి రకాలను రూపొందించింది. పెద్ద పూల చామంతిని జూన్, జూలై మాసాల్లో కొమ్మ కత్తిరింపులతో మొదలుపెట్టి, ఆరునెలలు బిడ్డలా సాకాలి. అంత తీరిక లేని ఉద్యోగస్తుల ఇళ్లకు ఈ పొట్టి రకాలే మేలు.

బంతి సంగతి తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. బతుకమ్మ మొదలు సంక్రాంతి గొబ్బెమ్మల దాకా మన పండుగలను అలంకరించే ఈ పూవు అమెరికా ఖండం నుంచి వలస వచ్చినదంటే నమ్మశక్యం కాదు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ విడుదల చేసిన పూసా నారంగి గేందా, పూసా బసంతి గేందా రకాలు నారింజ, పసుపు వన్నెల్లో విస్తారంగా సాగులో ఉన్నాయి. అయితే బంతికి నేలమంచు గిట్టదు. పంజాబ్, హర్యానాల్లో మంచు గడ్డకట్టే రాత్రులు వస్తే ఒక్క పూటలో మొక్క నల్లబడిపోతుంది. ఆ ప్రాంతాల్లో జనవరి రంగులకు బంతిని నమ్ముకోవడం కంటే చలికి ఓర్చే కాలెండ్యులా, డయాంథస్, పాన్సీలను ఎంచుకోవడం వివేకం. పూల మాట ఎలా ఉన్నా ఆకులే ఊదా, గులాబీ వన్నెలు తిరిగే అలంకార క్యాబేజీ ఈ బోసి రోజుల్లో ఆదుకుంటుంది. ఎంత చలి పెరిగితే అంత రంగు తేలడం దీని విశేషం.

నీడ పడే పెరడు గలవారు నిరాశ చెందనవసరం లేదు. చాలా మొక్కలు రోజుకు ఐదారు గంటల ఎండ కోరుతాయిగాని, సినరేరియా మాత్రం పాక్షిక నీడలోనే నీలం, ఊదా, తెలుపు పూలతో నిండిపోతుంది. గోడలకు, ప్రహరీలకు తీగ కావాలంటే ఢిల్లీ బంగళాల మీద జనవరి, ఫిబ్రవరి మాసాల్లో నారింజరంగు తెరలా వేలాడే గోల్డెన్ షవర్‌ను మించినది లేదు. ఒకసారి నాటితే ఏళ్లతరబడి ఉంటుంది. కాగితపు పూవు సైతం అంతే. నీరు తగ్గించినకొద్దీ ఎక్కువ పూస్తుంది. ప్రేమతో రోజూ నీళ్లు పోస్తే ఆకులే మిగులుతాయి.

రాజధానిలో ఇటీవలి సంవత్సరాల్లో అందరి దృష్టినీ ఆకర్షిస్తున్నవి తులిప్ పూలు. 2023లో జి-20 సమావేశాల సందర్భంగా న్యూఢిల్లీ పురపాలక మండలి దిగుమతి చేసుకున్న గడ్డలతో లక్షకు పైగా మొక్కలు నాటించింది. చూడముచ్చటైన దృశ్యమే, సందేహం లేదు. కాని వారాల తరబడి గట్టి చలి తగిలితే తప్ప తులిప్ గడ్డ లోపల పూమొగ్గ సరిగా ఎదగదు. ఆ చలిని హాలెండ్ శీతల గిడ్డంగుల్లోనే పెట్టించి ఇక్కడికి పంపుతారు. రెండు మూడు వారాల ముచ్చట తీరాక ఎండలు ముంచుకొస్తాయి, గడ్డ మళ్లీ బలం పుంజుకోలేదు. మరుసటి ఏడు మళ్లీ కొనవలసిందే. హిమాచల్ ప్రదేశ్‌లోని పాలంపూర్ పరిశోధన సంస్థ లాహౌల్ లోయలో స్వదేశీ గడ్డలు పండించేందుకు చేస్తున్న ప్రయత్నం ఈ నేపథ్యంలో ఆసక్తి కలిగిస్తోంది. ప్రభుత్వ కూడళ్ల మాట అటుంచితే, సామాన్య గృహస్థు తులిప్ జోలికి పోవడం డబ్బు దండగ.

అసలు చిక్కు మరొకటుంది. 2023 ఫిబ్రవరిలో దేశ సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 29.54 డిగ్రీలకు చేరింది. 1901 నుంచి నమోదైన ఫిబ్రవరి మాసాలన్నిటిలోకి అదే అత్యధికమని వాతావరణ శాఖ ప్రకటించింది. గోధుమ రైతును కలవరపరిచిన ఆ ఎండ పూలతోటలనూ వదలిపెట్టదు. పాన్సీ, స్వీట్‌పీ వంటి చలిదేశపు పూలకు ఎండ పెరిగితే పూత ఆగిపోతుంది, ఆకులు పసుపుబారుతాయి. నాలుగు నెలలు పెంచి నాలుగు వారాలైనా కళ్లారా చూడలేకపోతే ఆ శ్రమకు అర్థమేముంది? కనుకనే విత్తనం ఎంచుకునేటప్పుడు మార్చి ఎండకు ఓర్చేవి కొన్నింటినైనా కలుపుకోవడం అవసరమవుతోంది. పెటూనియా, ఫ్లాక్స్, డయాంథస్ ఈ కోవలోవి.

దక్షిణాదికి ఈ ఎంపిక మరింత ముఖ్యం. హైదరాబాద్‌లో రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల దిగువకు జారేది ఏ కొద్ది రోజులో. కోస్తాలో ఆ మాత్రం చలీ ఉండదు. ఢిల్లీ తోటల ఛాయాచిత్రాలు చూసి స్వీట్‌పీ, లార్క్‌స్పర్ విత్తనాలు తెప్పించుకుంటే విజయవాడ వాసులకు నిరాశే మిగులుతుంది. బంతి, చామంతి, సాల్వియా, పెటూనియా, డయాంథస్, గుబురు ఆకుల నడుమ డిసెంబరులో ఎర్రబడే పాయిన్‌సెట్టియా మన నేలలకు నప్పుతాయి. చామంతి మాదిరే పాయిన్‌సెట్టియాకూ రాత్రి దీపం పనికిరాదని మరువరాదు. తూర్పు గోదావరి జిల్లా కడియం, కడియపులంక నర్సరీలు చలికాలం వచ్చేసరికి ఈ రకాలతో నిండిపోతాయి. అక్కడి నుంచి మొక్కలు లారీల్లో పలు రాష్ట్రాలకు తరలిపోతాయి.

విత్తనం సొంతంగా కట్టుకోదలచినవారికి ఒక హెచ్చరిక. ఖరీదైన సంకర విత్తనంతో వచ్చిన పూల నుంచి గింజలు తీసి మరుసటి ఏడు చల్లితే అదే రంగు, అదే పరిమాణం రావు. మామూలు రకాల బంతి, కాలెండ్యులా, ఫ్లాక్స్ గింజలను మాత్రం మార్చి ఆఖరున బాగా ఎండనిచ్చి, పొడిసీసాలో భద్రపరచి, వర్షాలు వెనుకబట్టాక నారు పోసుకోవచ్చు.